నూజివీడు మామిడిసీమలో వృద్ధుల సామూహిక జీవనం: రచ్చబండ నుంచి విశ్రాంత గ్రామం దాకా

వ్యాససంగ్రహం

వృద్ధుల జీవనంపై తెలుగులో జరుగుతున్న చర్చ ఎక్కువగా నివాసం చుట్టూ తిరుగుతోంది. ఉమ్మడి కుటుంబం చెదిరిపోయిందన్న వేదన ఒకవైపు, వృద్ధాశ్రమం అనివార్యమన్న వాదన మరొకవైపు వినిపిస్తున్నాయి. వృద్ధులు నలుగురిలో ఏ పనికి పూనుకున్నారు, ఏ నిర్ణయంలో వారి మాట చెల్లింది అన్న ప్రశ్నలకు ఈ చర్చలో తగిన చోటు దక్కలేదు. నూజివీడు ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని రచ్చబండ, అరుగు, పెరడు, గ్రంథాలయం, పింఛనుదారుల సంఘం, వృద్ధాశ్రమం, విశ్రాంత గ్రామం అనే సామూహిక స్థలాలను చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పెద్దరికం, సాంగత్యం, సంరక్షణ అనే మూడు భావనల మధ్య సంబంధం కాలక్రమంలో ఎలా మారిందో చూపడం దీని లక్ష్యం.

కీలకపదాలు: నూజివీడు, మామిడితోటలు, రచ్చబండ, పెద్దరికం, పింఛను, వృద్ధాశ్రమం, విశ్రాంత గ్రామం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో వయసుకు సంబంధించిన మాటలు వయసు ఒక్కదాన్నే చెప్పవు. ‘పెద్ద’ అనే మాటకు పరిమాణం, వయసు, అధికారం అనే మూడు అర్థాలున్నాయి. ‘పెద్దమనిషి’ అన్నప్పుడు తీర్పు చెప్పగలవాడు, ‘ఇంటిపెద్ద’ అన్నప్పుడు బాధ్యత మోసేవాడు స్ఫురిస్తారు. సంస్కృతం నుంచి వచ్చిన ‘వృద్ధ’ శబ్దానికి మూలార్థం పెరిగినవాడు అని. ‘వృద్ధి’ కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. ఈ పదాలు ఏర్పడిన సమాజంలో వయసు మీరడమంటే ఏదో ఒక మేరకు స్థానం పెరగడం.

నేటి వాడుకలో ఉన్న ‘వయోవృద్ధులు’, ‘లబ్ధిదారులు’, ‘విశ్రాంత ఉద్యోగులు’ అన్న మాటల్లో ఆ స్థానం కనిపించదు. మొదటిది వయసును, రెండోది అందుకునే సాయాన్ని, మూడోది వదిలిపెట్టిన పనిని సూచిస్తాయి. పదజాలంలో వచ్చిన ఈ మార్పు వెనుక ఒక సామాజిక చరిత్ర ఉంది.

ఆ చరిత్రను చదవడానికి మూడు భావనలను వేరుచేసి చూడాలి. నలుగురి వ్యవహారంలో మాట చెల్లడం పెద్దరికం. సాటివారితో కాలం గడపడం సాంగత్యం. తిండి, మందు, నీడ అమరడం సంరక్షణ. వృద్ధుల కోసం వెలసిన ప్రతి స్థలం ఈ మూడింటిలో కొన్నింటిని ఇచ్చి కొన్నింటిని విస్మరించింది. 2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు, అంతకు మించిన వయసున్నవారు సుమారు 10.4 కోట్లు. దేశ జనాభాలో వీరి వాటా 8.6 శాతం కాగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 9.8 శాతం. ఇంతమంది కోసం నిర్మాణమవుతున్న స్థలాలు ఏమివ్వాలన్నది తేల్చుకోవలసిన ప్రశ్న.

2. నూజివీడు సీమ: తోట, తరాలు

నూజివీడు మేకా వంశీయులైన అప్పారావుల జమీందారీకి కేంద్రం. 1883లో గోర్డన్ మెకంజీ రచించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఈ జమీందారీ చరిత్రకు ముఖ్యమైన ఆకరం. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ వ్యవస్థ అంతరించింది. చాలాకాలం కృష్ణా జిల్లాలో ఉన్న నూజివీడు 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఏలూరు జిల్లాలో చేరింది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలాలు కూడా అటే వెళ్లాయి. విస్సన్నపేట, రెడ్డిగూడెం, తిరువూరు, మైలవరం ఎన్టీఆర్ జిల్లాలో నిలిచాయి. పరిపాలన హద్దులు మారినా ఈ మండలాలను కలిపే సూత్రం మామిడితోట.

1852–55 మధ్య బెజవాడ వద్ద నిర్మించిన ఆనకట్ట కృష్ణా డెల్టాను వరిసీమగా మార్చింది. కాలువ నీరు అందని మెట్టప్రాంతమైన నూజివీడు సీమ తోటలవైపు మొగ్గింది. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, ఇక్కడివారు కలెక్టరు కాయగా పిలిచే తోతాపురి ఈ నేలకు పేరు తెచ్చాయి.

వరి ఒక కారులో చేతికి వచ్చే పంట. మామిడి తరాల పంట. టెంక నుంచి మొలిచిన చెట్టు కాపుకు రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. అంటుమొక్క నాలుగైదేళ్లలో కాపు మొదలుపెట్టినా దశాబ్దాలపాటు నిలుస్తుంది. నాటిన చేయి ఒకటి, కోసే చేయి మరొకటి కావడం ఇక్కడ సహజం. ఏ చెట్టు ఏడాది విడిచి ఏడాది కాస్తుంది, ఏ దిక్కు కొమ్మకు ముందు పూత వస్తుంది, తేనెమంచు ఏ ఏడు తోటను మాడ్చింది అన్నవి పుస్తకంలో దొరికేవి కావు. తోటతోపాటు పెరిగిన మనిషికి మాత్రమే తెలిసినవి. పూత మీదనో పిందె మీదనో తోటను వ్యాపారికి గుత్తకిచ్చేటప్పుడు కాపును అంచనా కట్టగల పాతకాపు మాటకు విలువ ఉండేది. ఈ సీమలో పెద్దరికానికి ఇలా ఒక భౌతికమైన ఆధారం ఉంది.

3. రచ్చబండ, అరుగు, పెరడు

‘రచ్చ’ అనే మాట సంస్కృత ‘రథ్యా’ శబ్దానికి ప్రాకృత రూపమైన ‘రచ్ఛా’ నుంచి వచ్చింది. వీధి అని మూలార్థం. తెలుగులో అది నలుగురు చేరే బహిరంగ స్థలంగా, అక్కడి వ్యవహారంగా అర్థాన్ని విస్తరించుకొంది. ‘ఇంట గెలిచి రచ్చ గెలవాలి’ అన్న సామెత ఇంటిని, రచ్చను రెండు వేర్వేరు రంగాలుగా చూపుతుంది. రచ్చలో గెలుపు ఓటములుంటాయన్న ఎరుక కూడా అందులో ఉంది. రావిచెట్టో వేపచెట్టో నీడనిచ్చే రాతిబండ మీద నీటి తగాదా, గట్టు తగాదా, పెళ్లి మాటలు, జాతర ఏర్పాట్లు చర్చకు వచ్చేవి. పులిజూదం గీతలు కూడా ఆ బండమీదే ఉండేవి. కాలక్షేపానికి, వ్యవహారానికి నడుమ గోడ లేకపోవడం రచ్చబండ ప్రత్యేకత. వృద్ధుడు అక్కడికి పొద్దుపుచ్చడానికి వచ్చినా అవసరమైతే సాక్షి, మధ్యవర్తి, జ్ఞాపకాల భాండాగారం కాగలిగేవాడు.

వీధి అరుగు దీనికి చిన్న రూపం. ఇంటికి చెందినదైనా వీధివైపు తెరిచి ఉండే కట్టడం కావడంతో బాటసారి కూర్చోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు, ముసలివారు వచ్చేపోయేవారిని పలకరించవచ్చు. నడవలేని మనిషిని సైతం లోకానికి దగ్గరగా ఉంచిన నిర్మాణం అది. పక్కా మేడలు, ప్రహరీగోడలు వచ్చాక పల్లెలో తొలుత కనుమరుగైన భాగం అరుగే.

ఇంతవరకు చెప్పిన చిత్రం సగమే. రచ్చబండ అందరిదీ కాదు. స్త్రీలకు అక్కడ కూర్చునే చోటు లేదు. దళిత వాడల పెద్దలు తీర్పు వినడానికి రావలసిందే తప్ప చెప్పడానికి కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన తొలి ఆది ఆంధ్ర మహాసభ ఊరి కట్టుబాట్లలో తమకు లేని గొంతును వేరే వేదికపై వినిపించుకున్న సందర్భం. కాబట్టి రచ్చబండను పోగొట్టుకున్న స్వర్గంగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. అది కొందరు పురుషుల పెద్దరికానికి నిలయం.

స్త్రీల సామూహిక స్థలం పెరడు, బావిగట్టు, వంటసాల. ఆవకాయ రోజులు ఇందుకు మంచి ఉదాహరణ. పీచున్న పుల్లని కాయ ఎంచడం, టెంకతో ముక్క కొట్టించడం, జీడి తీసి తుడవడం, ఆవపిండి, కారం, ఉప్పు పాళ్లు కలపడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు స్త్రీలు చేరి చేసే ఈ పనిలో పాళ్లు నిర్ణయించేది వయసు మళ్లిన స్త్రీ. ఆమె చెయ్యి పడితే పచ్చడి ఏడాది నిలుస్తుందన్న నమ్మకం ఒక రకమైన అధికారమే. ఆ అధికారం ఇంటి గడప దాటలేదన్నదీ వాస్తవమే. వితంతువైతే కొన్ని శుభకార్యాల్లో ఆ కాస్త చోటూ ఆమెకు దక్కేది కాదు.

ఈ దశలో సంరక్షణ మాట ఎక్కడా వినిపించదు. మంచాన పడిన మామకు, అత్తకు సేవ చేసింది ఇంటి కోడళ్లు, కూతుళ్లు. వృద్ధుడి పెద్దరికం వీధిలో వెలిగితే దానికి నూనె పోసిన శ్రమ ఇంటిలోపల కనబడకుండా ఉండిపోయింది.

4. గ్రంథాలయం: కొత్త రచ్చ

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఈ ప్రాంతానికి మరో సామూహిక స్థలం పరిచయమైంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. మరుసటి ఏడాది ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక వెలువడింది. 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో కృష్ణా పశ్చిమ డెల్టా కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. గ్రంథాలయోద్యమం చదువు వచ్చినవారికి పుస్తకం అందించడంతో ఆగలేదు. పత్రికను బిగ్గరగా చదివి వినిపించడం, రాత్రి బడులు, పురాణ కాలక్షేపం, ఉపన్యాసాలు దాని కార్యక్రమాల్లో భాగాలయ్యాయి.

వృద్ధుల కోణంలో చూస్తే ఇందులో రెండు మార్పులున్నాయి. మొదటిది, అక్షరం తెలియని వృద్ధుడు శ్రోతగా మారాడు. తెలిసినవాడిగా కూర్చున్న చోట తెలుసుకునేవాడిగా కూర్చున్నాడు. పత్రిక చదివే యువకుడి చేతిలోకి కొంత అధికారం వెళ్లింది. రెండోది, సిద్ధాంతరీత్యా గ్రంథాలయం కులభేదం లేకుండా అందరికీ తెరిచిన స్థలం. ఆచరణ అన్నిచోట్లా ఒకేలా లేకపోయినా రచ్చబండ ఇవ్వని అవకాశాన్ని అది కనీసం సూత్రంగా అంగీకరించింది. పల్లె గ్రంథాలయంలో పొద్దున్నే పత్రిక కోసం చేరే వృద్ధుల గుంపు ఈ ఉద్యమం మిగిల్చిన వారసత్వం. తరాలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్న అరుదైన స్థలం అది.

5. పదవీ విరమణ, పింఛను: హక్కుగా వార్ధక్యం

రైతుకు, కూలీకి పదవీ విరమణ లేదు. ఒంట్లో సత్తువ తగ్గేకొద్దీ పని బరువు తగ్గుతుంది తప్ప ఫలానా తేదీన పని ముగియదు. నాగలి వదిలినవాడు తోట కాపలాకు, కాపలా వదిలినవాడు మనవల కాపలాకు మారేవాడు. ‘విరమణ’ అన్న భావన ప్రభుత్వోద్యోగంతో వచ్చింది. ఆ వయసును నిర్ణయించేది ప్రకృతి కాదని 1983 నాటి పరిణామం చూపింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించింది. మరుసటి ఏడాదే అది తిరిగి 58 అయింది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 60కి, 2022లో 62కు చేరింది. ఒక్క ఉత్తర్వుతో వేలమంది ‘విశ్రాంతులు’ కావడం, మరో ఉత్తర్వుతో కాకపోవడం వార్ధక్యం ఒక పరిపాలనా వర్గమని తెలియజేస్తుంది.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో మలుపు. పింఛను దయాధర్మం కాదని, చేసిన సేవకు దక్కే హక్కని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఏటా ఆ తేదీన పింఛనుదారుల దినం జరపడం ఆనవాయితీ అయింది. పట్టణాల్లోని పింఛనుదారుల సంఘాలు కరువు భత్యం బకాయిలపై తీర్మానాలు చేస్తాయి. వైద్య శిబిరాలు పెడతాయి. కార్తికంలో మామిడితోటల్లో వనభోజనాలు ఏర్పాటు చేస్తాయి. దివంగతులకు సంతాపం తెలుపుతాయి. వ్యవహారం, కాలక్షేపం కలిసి నడిచే రచ్చబండ లక్షణం ఈ సంఘాల్లో కొంత మిగిలింది. ఎన్నికైన కార్యవర్గం, చందా పుస్తకం, మినిట్సు ఉన్న రచ్చబండ ఇది. అయితే ఉద్యోగం చేసినవారికే ఇందులో సభ్యత్వం.

ఉద్యోగం చేయని అధిక సంఖ్యాకుల కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 1960లోనే మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను పథకాన్ని నెలకు 75 రూపాయలతో ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో నెలసరి మొత్తం 2024 జనవరిలో 3,000కు, అదే ఏడాది జులైలో 4,000 రూపాయలకు పెరిగింది. పెరిగిన మొత్తం ఇంట్లో వృద్ధుల మాటకు కొంత బరువు తెచ్చింది. సొంత సంపాదన ఎన్నడూ చేతికి రాని స్త్రీకి తన పేరున నెలనెలా డబ్బు రావడం పెరటి పెద్దరికం ఎన్నడూ ఇవ్వని స్వాతంత్ర్యం.

పంపిణీ పద్ధతి మారడంలోనూ సామాజిక పర్యవసానం ఉంది. ఒకప్పుడు పింఛను రోజున వృద్ధులు పంచాయతీ కార్యాలయం దగ్గరో, బడి వరండాలోనో చేరేవారు. గంటల తరబడి నిరీక్షణ, వేలిముద్ర పడక తిరిగి పోవడం వంటి బాధలు ఉండేవి. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే అందుతోంది. నడవలేనివారికి ఇది గొప్ప మేలు. దానితోపాటు నెలకోసారి వేర్వేరు వీధుల, వేర్వేరు కులాల వృద్ధులు ఒకచోట కలిసే సందర్భం కూడా తగ్గింది. సంరక్షణ మెరుగైనప్పుడు సాంగత్యం తగ్గగలదనడానికి ఇది చిన్నదే అయినా స్పష్టమైన ఉదాహరణ.

స్త్రీల విషయంలో పొదుపు సంఘాలను కూడా గమనించాలి. నెలనెలా సమావేశం, సంతకం, అప్పు తీర్మానం ద్వారా గ్రామీణ స్త్రీలకు తొలిసారి ఒక బహిరంగ వేదిక దక్కింది. సభ్యులు రోజుకో రూపాయి దాచుకుంటే 60 ఏళ్ల తర్వాత పింఛను ఇచ్చే అభయహస్తం పథకం 2009లో వచ్చింది. డబ్బు గురించి చేసిన ఈ ఆలోచన, వయసు మీరి సంఘం నుంచి తప్పుకున్న స్త్రీ కోల్పోయే సమావేశం గురించి జరగలేదు.

6. వలస: ఊరే విశ్రాంత గ్రామం కావడం

1965లో అమెరికా వలస చట్టం మారడంతో తెలుగు వైద్యులు, ఇంజనీర్లు అక్కడికి వెళ్లడం మొదలైంది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం ఏర్పడింది. 1990ల సమాచార సాంకేతిక రంగం ఆ ప్రవాహాన్ని పెంచింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల పల్లెలు ఈ వలసకు ముఖ్యమైన మూలాలు. నూజివీడులోనే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగు విద్యనిస్తోంది. చదువు ఊరికి వచ్చింది. చదివినవారు ఊరు దాటారు.

దీని ఫలితంగా కొన్ని వీధుల్లో పెద్ద ఇళ్లు, ఒకరో ఇద్దరో వృద్ధులు మిగిలారు. ఎవరూ ప్రణాళిక వేయకుండానే ఊరి భాగాలు విశ్రాంత గ్రామాలయ్యాయి. తోటను గుత్తకిచ్చి, ఇంటిని పనిమనిషికి అప్పగించి, సాయంత్రం ఫోను తెరపై మనవలను చూసుకునే జీవితం ఇక్కడ కొత్త కాదు. శ్రీరమణ ‘మిథునం’ కథ, 2012లో తనికెళ్ల భరణి దర్శకత్వంలో వచ్చిన దాని చలనచిత్ర రూపం తెలుగువారి మనసుకు అంతగా హత్తుకోవడానికి ఈ నేపథ్యం ఒక కారణం. పిల్లలు దూరమైన దంపతులు తోట పనిలో, వంటలో, పరస్పర సాంగత్యంలో నిండుగా బతకడం అందులోని ఇతివృత్తం. సామాజిక దృష్టితో చూస్తే ఆ లోకంలో పని ఉంది, ప్రేమ ఉంది, రచ్చ లేదు. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతే మిగిలిన మనిషికి ఆ లోకం ఏమివ్వగలదన్న ప్రశ్నకు సమాధానం ఇంటిలో దొరకదు, ఊరిలో వెతకాలి.

7. ఆశ్రమం నుంచి విశ్రాంత గ్రామం దాకా

‘ఆశ్రమం’ అనే పదం ప్రయాణం ఇక్కడ గమనింపదగినది. ధర్మశాస్త్రాల్లో అది జీవిత దశ. వానప్రస్థం గృహస్థుడు తనంతట తాను ఎంచుకునే నిష్క్రమణ. ఇల్లు విడిచి కాశీవాసానికి వెళ్లిన తెలుగు వృద్ధులు ఆ భావనకే ఒక రూపమిచ్చారు. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఆశ్రమమంటే పనిచేసే సమాజం. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన నెల్లూరు జిల్లా పల్లెపాడు పినాకినీ సత్యాగ్రహాశ్రమం అందుకు ఉదాహరణ. ‘శ్రమ’ అనే భాగం ఆ పదంలోనే ఉంది. ‘వృద్ధాశ్రమం’లో ఎంపిక, శ్రమ రెండూ జారిపోయి ఆశ్రయం ఒక్కటే మిగిలింది. వృద్ధాశ్రమంలో చేర్చారు అంటాం తప్ప చేరారు అని తక్కువగా అంటాం. ఆ క్రియారూపం చాలా చెబుతుంది.

ఇదే కాలంలో పాశ్చాత్య దేశాల్లో భిన్నమైన నమూనా రూపొందింది. 1960 జనవరి 1న అమెరికాలోని అరిజోనాలో ప్రారంభమైన సన్ సిటీ దానికి ప్రసిద్ధమైన తొలి ఉదాహరణల్లో ఒకటి. నిర్ణీత వయసు దాటినవారికే ఇళ్లు, ఆటస్థలాలు, అభిరుచుల సంఘాలు, వినోద కేంద్రాలు అక్కడి ఆకర్షణ. వార్ధక్యాన్ని దీర్ఘకాల సెలవుగా చూపిన నమూనా ఇది. కోయంబత్తూరు, హైదరాబాదు పరిసరాల్లో వెలసిన విశ్రాంత నివాసాలు దీన్నే అనుసరిస్తూ సామూహిక భోజనశాల, యోగా, భజన, గ్రంథాలయం, పండుగ సంబరాలు చేర్చుకున్నాయి. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో విశ్రాంత గృహాల నిర్మాణానికి, నియంత్రణకు నమూనా మార్గదర్శకాలు ప్రకటించింది. కొనుగోలు శక్తి ఉన్నవారికి ఇవి భద్రతను, సాటివారి తోడును ఇస్తున్నాయి. స్త్రీ పురుషులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, వితంతువు పండుగలో ముందు నిలవడం వంటివి రచ్చబండ కాలం ఎరుగనివి. ఈ మేలును తక్కువ చేయరాదు.

చట్టం వైపు చూస్తే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కీలకమైనది. ఆంధ్రప్రదేశ్ దీనికి 2011లో నియమాలు రూపొందించింది. పోషణ కోరే వృద్ధుల అర్జీలను విచారించే ట్రిబ్యునల్‌కు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షత వహిస్తారు. నూజివీడు రెవెన్యూ డివిజన్ కేంద్రం కాబట్టి తోట పిల్లల పేరున రాసిచ్చి ఆదరణకు నోచుకోని తల్లిదండ్రుల మొర వినవలసిన చోటు ఈ పట్టణంలోనే ఉంది. పోషిస్తామన్న షరతుతో ఆస్తి పొంది మాట తప్పితే ఆ బదిలీని రద్దు చేయించే వీలు 23వ సెక్షన్ కల్పించింది. షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022 డిసెంబరులో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధుల రక్షణకు అనుకూలంగా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరో కేసులో చెప్పింది. తోట చేతిలో ఉన్నంతకాలం పెద్దరికం, చేయి మారాక సంరక్షణ కోసం అర్జీ అన్న స్థితిని ఈ వ్యాజ్యాలు బయటపెడుతున్నాయి.

అదే చట్టంలోని 19వ సెక్షన్ జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తక్కువ కాకుండా నిరుపేద వృద్ధులకు వసతినిచ్చే ఆశ్రమాలు ప్రభుత్వం నెలకొల్పవచ్చునంటుంది. వాటి నిర్వహణలో అందించవలసిన సేవలుగా రెండింటిని ప్రత్యేకంగా పేర్కొంటుంది. ఒకటి వైద్యం, రెండు వినోద సాధనాలు. ఈ రెండు మాటలు ఆధునిక దృక్పథానికి సూత్రప్రాయమైన ప్రకటన. వైద్యం సంరక్షణకు, వినోదం సాంగత్యానికి ప్రతినిధులు. ఆశ్రమవాసులు చేయగల పని గురించి, నిర్వహణలో వారి మాటకు ఉండవలసిన చోటు గురించి ఆ సెక్షన్ ఏమీ చెప్పదు. ఖరీదైన విశ్రాంత గ్రామమైనా, ప్రభుత్వ ఆశ్రమమైనా వృద్ధుణ్ణి ప్రేక్షకుడిగా, అతిథిగా, రోగిగా ఊహించడంలో ఒక్కటే. రచ్చబండ కొందరికే పెద్దరికమిచ్చింది. కొత్త స్థలాలు అందరికీ సంరక్షణను వాగ్దానం చేస్తూ పెద్దరికాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

8. తోట పంచాంగం: ఒక ప్రాంతీయ ప్రతిపాదన

ఈ లోటును పూడ్చే మార్గం నూజివీడు సీమ జీవనంలోనే కనిపిస్తుంది. మామిడితోటకు ఒక పంచాంగం ఉంది. కార్తికంలో వనభోజనాలు, ఆ తర్వాత పూత, మాఘంలో ఆగిరిపల్లి శోభనాచల క్షేత్ర ఉత్సవాలు, వేసవి తొలినాళ్లలో పిందె, ఉగాది పచ్చడికి తొలికాయ, ఏప్రిల్ నుంచి కోత, ఆవకాయ, తొలకరికి కొత్త మొక్కలు. ఈ చక్రంలో బరువైన పనులున్నాయి, బరువులేని పనులూ ఉన్నాయి. కాయ వేరుచేయడం, గడ్డిలో మగ్గబెట్టిన పండును చూసి తీయడం, అంటు కట్టడం నేర్పడం, పచ్చడి పాళ్లు చెప్పడం వయసు అడ్డురాని పనులు.

ఇక్కడ నిర్మించే వృద్ధుల నివాసం ఏదైనా తోటకు ఆనుకొని ఉంటే, తోట వ్యవహారంలో వారికి నిర్ణయాధికారం ఉంటే, అది వినోదం కోసం ఏర్పాటుచేసిన తోటపనికి భిన్నమైన ఫలితాన్ని ఇస్తుంది. వచ్చిన కాయను ఏంచేయాలో, గుత్తకివ్వాలా వద్దా అన్నది నివాసుల సమావేశం తేల్చాలి. పని ఐచ్ఛికంగా ఉండాలి. జీవితమంతా కూలి చేసి అలసిన మనిషికి విశ్రాంతి కూడా హక్కే. పొరుగింటి తోటలో కాయలు ఏరిన స్త్రీకీ, తోట యజమానికీ ఆ సమావేశంలో సమానమైన ఓటు ఉన్నప్పుడే అది పాత రచ్చబండ లోపాన్ని దాటుతుంది.

రెండో ఆధారం గ్రంథాలయం. నూజివీడులో వేల సంఖ్యలో విద్యార్థులు, చుట్టుపక్కల పల్లెల్లో ఒంటరి వృద్ధులు ఉన్నారు. ఈ రెండు సమూహాలు కలిసే స్థలం నేడు లేదు. 1914 నాటి ఉద్యమం పత్రిక చదివే యువకుణ్ణి, వినే వృద్ధుణ్ణి ఒకచోట కూర్చోబెట్టింది. నేడు విద్యార్థి బ్యాంకు దరఖాస్తు, జీవన ధ్రువీకరణ, ఫోను వాడకం నేర్పగలడు. వృద్ధులు తోటల పేర్లు, పాత హద్దులు, మాండలిక పదాలు, జాతర పద్ధతులు చెప్పగలరు. మామిడి రకాల పేర్లు, కోత పనిముట్ల పేర్లు, పూత దశలను తెలిపే మాటలు ఇంకా సమగ్రంగా నమోదు కావలసి ఉన్నాయి. తెలుగు పరిశోధకులకు ఇది సమయం మించకముందే చేపట్టవలసిన పని. సమాచారమిచ్చే వ్యక్తిని పరిశోధనకు వనరుగా మాత్రమే చూడక, ఆ పదకోశానికి సహకర్తగా పేరు పెట్టి గుర్తించడం పెద్దరికాన్ని తిరిగి ఇవ్వడంలో ఒక రూపం.

9. ముగింపు

నూజివీడు మామిడిసీమలో వృద్ధుల సామూహిక జీవన చరిత్రను ఉమ్మడి కుటుంబ పతనంగా కుదించి చెప్పడం సరికాదు. రచ్చబండ పెద్దరికాన్ని, సాంగత్యాన్ని ఇచ్చింది. వాటిని అగ్రకుల, భూస్వామ్య పురుషులకు పరిమితం చేసి, సంరక్షణ భారాన్ని ఇంటి స్త్రీలపై మోపింది. గ్రంథాలయం సాంగత్యాన్ని విస్తరించింది. పింఛను సంరక్షణలో కొంత భాగాన్ని హక్కుగా మార్చి, స్త్రీలకు, పేదలకు ఇంటిలో మాట బలాన్ని ఇచ్చింది. వృద్ధాశ్రమం, విశ్రాంత గ్రామం సంరక్షణను, సాంగత్యాన్ని ఒక వ్యవస్థగా అందించాయి. ఈ క్రమంలో ప్రతి దశా కొందరికి ఏదో ఇచ్చింది. పెద్దరికం మాత్రం విస్తరించవలసిన వేళ లుప్తమైంది.

జిల్లాకొక ఆశ్రమం కట్టాలన్న ఆలోచన ఆచరణకు వచ్చేచోట పడకల సంఖ్య, వైద్యుడి రాక, టీవీ గది గురించి అడగడం అవసరమే. నివాసుల సమావేశం ఎన్నాళ్లకోసారి జరుగుతుంది, దాని తీర్మానాన్ని నిర్వాహకులు పాటించాలా అన్న ప్రశ్నలు కూడా వాటి సరసన చేరాలి. మామిడితోటకు వయసు లెక్క మనిషి లెక్కకన్నా పెద్దది. పాత చెట్టును నరికేముందు ఈ సీమ రైతు దాని కాపు చూస్తాడు. వృద్ధుల నివాసాలకు ప్రణాళిక వేసేవారు వారి అవసరాలతోపాటు వారు ఇంకా ఏమివ్వగలరో చూడడం ఆ వివేకానికి కొనసాగింపే.